అమలాపురం అని రాసి రావులపాలెంలో దించారు

సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చి వారం దాటింది. భోగి మంట, పిండివంటలు, జగ్గన్నతోటలో ప్రభల తీర్థం (వెదురుతో కట్టిన ప్రభలను మోసుకొచ్చే జాతర), అన్నీ బాగానే జరిగాయి. ఎవరైనా పండుగ ఎలా జరిగిందని అడిగితే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది 13వ తేదీ ఉదయం రావులపాలెంలో హైవే పక్కన సామాన్లు పట్టుకుని నిలబడిన గంటన్నరే.

కార్తీక మాసంలో హైదరాబాదు నుంచి అమలాపురానికి ఇదే ప్రైవేటు ట్రావెల్స్ బస్సులో ఇదే సీటుకు 850 రూపాయలు ఇచ్చాను. ఈసారి సెలవు ఖాయమయ్యేసరికి ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో కూడా సీట్లు అయిపోయాయి. డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం ఫోను తెరిస్తే 2,350 చూపించింది. అమ్మను అడిగి చెబుదామని ఆగి, పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 2,600. ఆ పావుగంటలో డీజిలు ధర పెరగలేదు, అమలాపురం దూరమూ పెరగలేదు. పన్నులు, రుసుములు కలిపి చివరికి 2,850 కట్టాను. ఒక్క మనిషికి, ఒక వైపుకు!

రైలు ఎక్కవచ్చు కదా అని హైదరాబాదులో స్నేహితులు అంటూ ఉంటారు. కోనసీమకు రైలు ఎక్కడిది? కోటిపల్లి, నరసాపురం లైను గురించి నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. గోదావరిలో స్తంభాలు లేచాయి గాని, వాటి మీద రైలు వెళ్లే రోజు ఇంకా రాలేదు. రాజమండ్రి వరకో తణుకు వరకో రైలులో వచ్చినా అక్కడి నుంచి మళ్లీ బస్సే దిక్కు. మా అవసరం బస్సుల వాళ్లకు బాగా తెలుసు.

ఛార్జీ పెరగడమే తప్పని నేను అనను. హైదరాబాదులో రోజూ సిటీ బస్సులో ఆఫీసుకు వెళ్లే మనిషిని. 2025 అక్టోబరు 6 నుంచి అక్కడా పెరిగింది. ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో మొదటి మూడు స్టేజీల వరకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం ఉంది. నా ఆధార్ మాత్రం ఇంకా ఆంధ్రలోని మా ఊరి చిరునామాతోనే ఉంది కాబట్టి ఆ పెంపు నా పర్సు మీదే పడింది. రానూపోనూ రోజుకు 20 రూపాయలు ఎక్కువ. కోపం వచ్చింది. అయితే ఆ సంగతి ముందే పత్రికల్లో వచ్చింది, ఎలక్ట్రిక్ బస్సుల కోసమని కారణం చెప్పారు, కాదనే వాళ్లు కాదన్నారు, ధర్నాలు కూడా చేశారు. పక్క సీటు ఆవిడ ఇచ్చేదీ నేను ఇచ్చేదీ ఒకటే. ఫోనులో పావుగంటకు 250 పెరిగినప్పుడు నేను ఎవరితో పోట్లాడాలి?

మియాపూర్‌లో రాత్రి తొమ్మిదింటికి ఎక్కాలి. బస్సు వచ్చేసరికి పదకొండు దాటింది. దాని కోసం రోడ్డు పక్కన నిలబడిన వాళ్లలో ఒక తాపీ మేస్త్రి కుటుంబం ఉంది. ఆయన, భార్య, పన్నెండేళ్ల కూతురు, ఒళ్లో ఏడాది పిల్లవాడు. వాళ్లది ముమ్మిడివరం వైపు. కొండాపూర్‌లో అపార్టుమెంటు పనులు చేస్తాడట. మూడు టికెట్లకు ఎనిమిది వేలు దాటిందని, అది తన పది రోజుల కూలి అని చెప్పాడు. ఆ మాట అంటూ నవ్వాడు గాని, భార్య నవ్వలేదు.

"అక్కా, మీకెంత పడింది?" అని అడిగింది ఆమె. చెప్పాను. తనకు నా కంటే 50 తక్కువ పడిందని తెలిసి కాస్త ఊరట పొందినట్టు కనిపించింది. ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చునే మనుషుల చేత ఇలాంటి లెక్కలు వేయించడం నాకు చాలా బాధనిపించింది.

పంతంగి టోల్ దగ్గర మామూలుగానే గంట పోయింది. బస్సు ఆగి ఉన్నంతసేపూ మేస్త్రితో మాట్లాడాను. నేను పనిచేసేది ఒక న్యాయవాది ఆఫీసులో. అక్కడ టైపు చేసీ చేసీ కొన్ని సంగతులు నోటికి వచ్చాయి. ఈ ట్రావెల్స్ బస్సులు కాంట్రాక్ట్ క్యారేజీలు, అంటే ఒప్పందం మీద తిరిగే బండ్లు. ఆర్టీసీ బస్సుల్లా స్టేజీకి ఇంత అని వీటికి పట్టిక ఉండదు. కాని 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్‌లో, కాంట్రాక్ట్ క్యారేజీలకు సైతం కనిష్ఠ, గరిష్ఠ ఛార్జీలు నిర్ణయించేలా ఆదేశాలు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. ఇదంతా ఆయనకు చెప్పాను.

"అధికారం ఉంటే మరి వాడరేమిటమ్మా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ప్రతి పండుగ ముందూ రవాణా శాఖ తనిఖీలు చేసిందని, కేసులు రాసిందని పేపర్లో చదువుతాం. మరుసటి పండుగకు రేటు ఇంకాస్త పెరిగి ఉంటుంది.

తెల్లవారింది విజయవాడ దాటాక. సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి తొమ్మిదిన్నర. కింద వశిష్ఠ గోదావరి మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఎంత అలసిపోయినా ఆ వంతెన మీద నాకు ప్రాణం లేచి వస్తుంది. వంతెన దిగిన కాసేపటికి రావులపాలెం. బస్సు అక్కడ ఎడమ పక్కకు తీసి ఆగింది. క్లీనర్ తలుపు తెరిచి, "అమలాపురం వాళ్లందరూ దిగండి" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. టీకి ఆపారేమో అనుకున్నాం. ఈలోగా అతను కింద డిక్కీ తెరిచి మా సంచులు రోడ్డు మీద పెట్టడం మొదలుపెట్టాడు. అమలాపురానికి తొమ్మిది మందే ఉన్నారట. మిగతా అందరూ కాకినాడ వాళ్లు. రెండు బస్సుల వాళ్లను ఒక్క బస్సులో కలిపారని, బస్సు అమలాపురం వెళ్లదని అప్పుడు చెప్పారు. రాత్రి ఎక్కేటప్పుడు బస్సు అద్దం మీద అమలాపురం అని అట్ట పెట్టి ఉంది. దిగి చూస్తే అట్ట లేదు. దాన్ని అతికించిన టేపు ముక్కలు రెండు మాత్రం అద్దానికి అంటుకుని ఉన్నాయి.

టికెట్ చూపించి అడిగాను. డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. రాత్రంతా నిద్ర లేకుండా నడిపిన మనిషి, అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడమ్, నాకు చెప్పింది నేను చేస్తున్నాను, ఆఫీసుకు ఫోను చేయండి" అన్నాడు. చేశాను. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి ఒకతను ఎత్తి, ఆటోకు అయ్యే ఖర్చు తిరిగి ఇస్తామన్నాడు. ఎప్పుడు, ఎలా అని అడుగుతుండగానే పెట్టేశాడు. బస్సు జొన్నాడ వైపు వెళ్లిపోయింది. ఇది రాస్తున్న రోజు వరకు ఒక్క రూపాయి రాలేదు.

మేం తొమ్మిది మందిమి అరటి గెలల లారీల పక్కన మిగిలాం. ఆటో వాళ్లు మనిషికి 150 అడిగారు. ఆ మాటకు మేస్త్రి భార్య సంచి మీద కూర్చుండిపోయింది. పిల్లవాడికి పాలు కావాలి. పాలు కొనుక్కొచ్చేదాకా కూతురు సామాన్లకు కాపలా కాసింది. నాకు దుఃఖం వచ్చింది. ఎనిమిది వేలు ఇచ్చిన కుటుంబం సొంత సీమ గుమ్మంలో ఇలా కూర్చోవాలా?

గంటన్నర తర్వాత అమలాపురం వెళ్లే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు వచ్చింది. అప్పటికే నిండిపోయి ఉంది. కండక్టర్ మా సామాన్లు చూసి లోపలి వాళ్లను సర్దుకోమని, వెనుక నిలబడేందుకు చోటు చేయించాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ ఆడవాళ్లకు స్త్రీశక్తి ఉచిత ప్రయాణం వచ్చింది. దాని తర్వాత మాకు ఇదే మొదటి సంక్రాంతి. హైదరాబాదులో పనికిరాని నా ఆధార్ ఇక్కడ పనికొచ్చింది. మేస్త్రి కూతురు తన జీరో టికెట్‌ను తానే పట్టుకుని, వెలుతురుకు ఎత్తి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. చివర సున్నా దగ్గరకు వచ్చి, "నాన్నా, నాకు సున్నా" అంది.

బస్సులో అందరూ సంతోషంగా ఉన్నారని రాయలేను. కొత్తపేటలో ఎక్కిన ఒక ముసలావిడ ఊపిరి ఆడక, "డబ్బులు తీసుకున్నా బాగుండేది నాయనా, ఇంకో బస్సు వేయండి" అని కండక్టర్‌ను బతిమాలింది. ఆవిడ మాట నిజం. ముందు రెండు బస్సులు ఎక్కలేకపోయిందట.

మేస్త్రి తన టికెట్ కోసం 500 నోటు ఇచ్చాడు. కండక్టర్ దగ్గర అంత చిల్లర లేదు. టికెట్ తిప్పి వెనుక బాకీ ఎంతో పెన్నుతో రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. ఆ గీత చూడగానే నాకు నాన్న గుర్తొచ్చారు. చిన్నప్పుడు అమలాపురం నుంచి కొత్తపేట తాతగారింటికి వెళ్లేటప్పుడు మా ఇంట్లో అందరికీ ఆ ఛార్జీ ఎంతో నోటికి తెలుసు. నాన్న సరిగ్గా అంతే చిల్లర లెక్కపెట్టి రుమాలులో ముడి వేసేవారు. ఎప్పుడైనా నోటు ఇవ్వాల్సి వస్తే కండక్టర్ ఇలాగే టికెట్ వెనుక రాసేవాడు. దిగేవరకు ఆ కాగితం పారేయకుండా నా గుప్పిట్లో పెట్టేవారు.

ముక్కామల దాటాం. అంబాజీపేట దగ్గర రోడ్డు పక్కన కుర్రవాళ్లు వెదుళ్లు చీల్చి ప్రభ కడుతున్నారు. బస్సులో కాసేపు అందరూ కిటికీల వైపు వంగారు. మేస్త్రి మాత్రం టికెట్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. "ఇస్తాడంటారా అక్కా?" అని భార్య మెల్లగా నన్ను అడిగింది. రాత్రి నుంచి జరిగింది చూశాక ఆమె ఎవరినీ నమ్మలేకపోతోంది.

అమలాపురం బస్టాండులో జనం దిగుతుంటే కండక్టర్ ఆ తోపులాటలోనే వెనక్కి వచ్చాడు. "ముమ్మిడివరం మేస్త్రిగారూ" అని పిలిచి, నోట్లు, నాణేలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. టికెట్ వెనుక రాసిన అంకెను అడ్డంగా కొట్టేసి, మళ్లీ ఆ టికెట్‌ను ఆయనకే ఇచ్చాడు.