రైజెల్ చుక్క వెలుగు ఏ రాజు నాటిది?

ఈ రోజు ఆదివారం. పొద్దున ఇంటి పని, మధ్యాహ్నం అన్నయ్య వాళ్లు రావడం, సాయంత్రం అందరం కలిసి హన్మకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లడం. చెప్పుకోదగ్గ సంగతులేవీ జరగలేదు. అయినా రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

భోజనాల వేళ టీవీలో ఎవరో "కొన్ని కాంతి సంవత్సరాల కిందట" అన్నారు. మూడో తరగతి చదివే మేనకోడలు నా వైపు తిరిగి, "అత్తమ్మా, అంటే ఎప్పుడు?" అని అడిగింది. అది కాలం కాదు, దూరమని చెప్పాను. కాజీపేట ఎంత దూరమంటే మనం పావుగంట అనమూ? అలాగే. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఏడాది పాటు అలా పోతే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇంత సంఖ్య పిల్లకే కాదు, పెద్దవాళ్ల ఊహకూ అందదు. అందుకే దాన్ని అంతటితో వదిలేశాను.

గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. మెట్ల మీద ఇంకా నీరెండ ఉంది. అది సూర్యుణ్ని వదిలి 8 నిమిషాల 20 సెకన్లయిందని చెబితే పిల్ల ఆ ఎండలో చెయ్యి పెట్టి చూసుకుంది.

రాత్రి మేడ ఎక్కాం. చలికాలపు ఆకాశం నాకు ప్రాణం. లుబ్ధకం 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మా కంట పడిన దాని వెలుగు పిల్ల పుట్టిన రోజుల్లో బయలుదేరింది. అది వినగానే ఆ చుక్క తనదేనంది. రోహిణి దూరం 65 కాంతి సంవత్సరాలు, అది అమ్మ ఈడు. "రోహిణి కార్తె ఎండలే తెలుసు గాని ఇది తెలియదే" అని అమ్మ ఆశ్చర్యపోయి, తనే పిల్లలకోడి అనే చుక్కల గుంపును వెతికి చూపించింది. దాని దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. 1591 నాటి చార్మినార్ ఇంకా లేని కాలపు వెలుగన్నమాట.

ఇక రైజెల్. ఓరియన్ అనే నక్షత్రమండలం చుక్కల్లో ఒక మూల ఆర్ద్ర ఎర్రగా ఉంటే, ఎదుటి మూల నీలి తెలుపుగా మెరిసేది ఇదే. దూరం సుమారు 860 కాంతి సంవత్సరాలు. సాయంత్రం మేం తాకి వచ్చిన స్తంభాలను శిల్పులు చెక్కుతున్న నాటి వెలుగు! ఆ మాట చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఆనాడు ఆ రాళ్ల మీద పడి పైకి చెదిరిన ఎండ కూడా, ఎంత పలచబడినా, ఇప్పటికి అంత దూరమే పోయి ఉంటుంది.

"ఎవరూ పోకుండా ఎట్లా కొలిచారు?" అంది పిల్ల. బొటనవేలు ముందుకు చాపి, ఒక కన్ను తర్వాత ఒకటి మూయమన్నాను. వెనకనున్న నీళ్ల ట్యాంకు ముందు వేలు అటూ ఇటూ జరిగింది. భూమి ఆరు నెలల్లో సూర్యుడికి అవతలి వైపు చేరుతుంది. ఈ కొసకూ ఆ కొసకూ దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. రెండు చోట్ల నుంచీ చూస్తే దగ్గరి చుక్క, వెనకటి చుక్కల ముందు రవంత జరుగుతుంది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రం దూరాన్ని ఇలాగే తేల్చాడు. ఆయనకు పదికి కాస్త పైన వచ్చింది, ఇప్పటి లెక్క 11.4 కాంతి సంవత్సరాలు. ఆ కాలపు పరికరాలతో అంత దగ్గరకు రావడం నాకు మహాద్భుతం.

దూరం పెరిగేకొద్దీ ఆ జరుగుడు చిన్నదైపోతుంది, లెక్కలో తేడాకు చోటు పెరుగుతుంది. రైజెల్ విషయంలో అది ఎనభై కాంతి సంవత్సరాల దాకా ఉండవచ్చు. కాబట్టి ఈ రాత్రి మేం చూసిన వెలుగు రుద్రదేవుడి నాటిదే కానక్కర్లేదు. ఆయన తండ్రి రెండో ప్రోలరాజు నాటిదో, రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడి నాటిదో కూడా కావచ్చు.