ఒక్క బ్రష్, ఐదు బూడిద ఛాయలు: డిజిటల్ పెయింటింగ్‌తో నా అనుభవం

కాగితం మీద పెన్సిల్ పట్టిన అలవాటు ఉంది కదా, పెన్ టాబ్లెట్ కూడా నాలుగు రోజుల్లో చేతికి వచ్చేస్తుందనుకున్నాను. తీరా గీయబోతే బొమ్మ సంగతి దేవుడెరుగు, సున్నా కూడా గుండ్రంగా రాలేదు. నాది తెర లేని టాబ్లెట్. చెయ్యేమో బల్ల మీద కదులుతుంది, గీతేమో ఎదురుగా మానిటర్ మీద పడుతుంది. ఈ తికమక వాడగా వాడగా దానంతటదే పోతుంది, దానికి బెంగ అక్కర్లేదు. సున్నా విషయంలో మాత్రం తప్పు నా చేతిది కాదు, సెట్టింగ్‌ది.

నా మానిటర్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. టాబ్లెట్ మీద గీసే భాగం 16:10. మనం ఏమీ మార్చకపోతే డ్రైవర్ (టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఈ రెండింటినీ మూలకు మూల కలిపేస్తుంది. దాంతో టాబ్లెట్ మీద చక్కటి వృత్తం గీసినా తెర మీద కాస్త అణిగి, అడ్డంగా సాగినట్టు పడుతుంది. నిష్పత్తి సమానంగా ఉంచమనే టిక్ ఒకటి డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది పెట్టాక టాబ్లెట్ అంచున సన్నటి పట్టీ ఒకటి పనిచేయడం మానేసింది కానీ వృత్తం వృత్తంలా వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లెవరైనా ముందు ఒక గుండ్రటి మూతను టాబ్లెట్ మీద పెట్టి, దాని చుట్టూ పెన్ను తిప్పి చూడండి. లేకపోతే సాగిన ముఖాలు గీస్తూ అనాటమీ రావట్లేదని బాధపడతారు.

డబ్బా మీద గొప్పగా రాసే 8192 ప్రెషర్ లెవెల్స్, అంటే పెన్ను నొక్కుడులో టాబ్లెట్ గుర్తించే మెట్ల గురించి కూడా ఒక మాట. 2048 ఉన్న పాత టాబ్లెట్‌కీ దీనికీ తేడా నా చేతికి ఎప్పుడూ తెలియలేదు. తెలిసిందల్లా ప్రెషర్ కర్వ్, అంటే ఎంత నొక్కితే గీత ఎంత లావు రావాలో చెప్పే సెట్టింగ్. నేను పెన్ను గట్టిగా నొక్కే రకం. ముందున్న సెట్టింగ్‌లో ప్రతి గీతా మొదట్లోనే లావెక్కిపోయేది. కర్వ్‌ను కొంచెం కిందికి వంచాక మెల్లగా నొక్కితే సన్నగీత, గట్టిగా నొక్కితే లావుగీత అని మధ్యలో కాస్త చోటు దొరికింది. కొనేటప్పుడు ఆ అంకె చూసి టెన్షన్ పడేకంటే కొన్నాక ఈ కర్వ్ మీద ఒక సాయంత్రం పెట్టడం మేలు.

గీతల సాధన గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు చుక్కలు పెట్టి కలపడం, దీర్ఘవృత్తాలు, పెట్టెలు. మణికట్టుతో కాకుండా భుజంతో గీయడం. విసుగే, అయినా చేయాల్సిందే. నేను వాడింది క్రీటా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. అందులో గీతలోని వణుకును సర్దే స్టెబిలైజర్ ఉంది. సాధనలో దాన్ని ఆపేసేదాన్ని, చివరి లైన్ ఆర్ట్‌కి పెట్టుకునేదాన్ని. అన్‌డూ అసలు వాడకూడదని కొందరు ఒట్టు పెట్టినట్టు చెబుతారు. నాకు అది అతి అనిపిస్తుంది. గీతకి అన్‌డూ ఉన్నది వాడుకోవడానికే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే ఉంది. కాగితానికి ఒక హద్దు ఉంటుంది. సైజు మారదు, పెన్సిళ్లు నాలుగో ఐదో, ఎక్కువ రుద్దితే చిరుగుతుంది. తెర మీద దేనికీ హద్దు లేదు. క్రీటా తెరవగానే వంద పైచిలుకు బ్రష్‌లు. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచి గీసే పొరలు) ఎన్నైనా. కంటిపాప ఒక్కటే తెరంతా నిండేలా జూమ్ చేసుకుని గంటసేపు కూర్చోవచ్చు. వెనక్కి వచ్చి చూస్తే ఆ కన్ను ముఖంలో అతకదు. అందుకని హద్దులు నేనే పెట్టుకోవాల్సి వచ్చింది: గట్టి అంచున్న గుండ్రటి బ్రష్ ఒక్కటే, లేయర్లు మూడు దాటకూడదు, రంగులు అసలే వద్దు.

రంగు లేకుండా ముందు గోళం. ఐదు బూడిద ఛాయలు తీసుకుని, వెలుగు పడే చోటు, మధ్య భాగం, నీడ, నీడలోకి నేల నుంచి తిరిగొచ్చే వెలుగు, నేల మీద పడిన నీడ. చెప్పుకోవడానికి సులువే. నన్ను సతాయించింది ఆ తిరిగొచ్చే వెలుగు. చీకటి పక్కన ఉండటంతో అది ఉన్నదానికంటే చాలా ప్రకాశంగా కనిపిస్తుంది, కంటిని నమ్మి వేస్తే గోళం గాజుబుడ్డిలా తయారవుతుంది. కలర్ పిక్కర్‌తో (తాకిన చోట రంగు ఎంతో అంకెల్లో చూపే పనిముట్టు) ఫొటో మీద కొలిస్తే ఎప్పుడూ అది వెలుగు వైపున్న మధ్య ఛాయ కంటే ముదురుగానే తేలేది. మామూలు, మెరుపు లేని వస్తువులకి ఈ లెక్క దాదాపు తప్పదు.

ఆ తర్వాత కాపీలు. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు లోలాకు అమ్మాయి బొమ్మను బూడిద రంగుల్లోకి మార్చి పక్కన పెట్టుకున్నాను. అది హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది, మంచి రిజల్యూషన్ ఫొటో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముక్కు దగ్గర ఆగిపోయాను. ముక్కు దూలానికీ అవతలి చెంపకీ మధ్య గీయడానికి గీతే లేదు! రెండూ ఒకే వెలుగులో కలిసిపోయాయి. అక్కడ గీత పెడితే బొమ్మ కార్టూన్ అయిపోతుంది, తీసేస్తే ముక్కు దానంతటదే లేస్తుంది. ముక్కు ఎక్కడుందో మన కన్నే పూరించుకుంటుంది.

ముత్యం ఇంకా విచిత్రం. పైన ఎడమవైపు చిక్కటి తెల్ల మెరుపు, అడుగున తెల్ల కాలర్ నుంచి పడిన మెత్తటి ప్రతిబింబం. దాదాపు అంతే. చెవికి తగిలించే కొక్కెం కూడా వేయలేదాయన. మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో చుట్టూ నున్నగా వేసి చూస్తే అది ప్లాస్టిక్ పూసలా వచ్చింది. గట్టి బ్రష్‌తో పై మెరుపు ఒక్క తాకిడిలో వేసి, కింది దాన్ని మాత్రం మసకబరిచి, మిగతా అంచుల్ని మెడనీడలోకి వదిలేశాక ముత్యమైంది. ఎక్కడ అంచు కొయ్యాలి, ఎక్కడ కరిగించాలి అన్నది నాకు ఏ వీడియోలోనూ ఇంత తేటగా అర్థం కాలేదు. ఈ పనంతా చేసేటప్పుడు క్రీటాలో అదే బొమ్మకి రెండో విండో తెరిచి, చిన్నగా ఓ మూలన పెట్టుకున్నాను. జూమ్ చేసి ఎంత లోపలికి పోయినా మొత్తం ఎలా ఉందో అక్కడ కనిపిస్తూ ఉంటుంది.

రంగుల్లోకి వచ్చాక వెలుగునీడల పాత పాఠమే మళ్లీ ఎదురైంది. కలర్ పిక్కర్‌లో పచ్చి పసుపుకీ పచ్చి నీలానికీ వెలుగు అంకె ఒకటే, 100 శాతం. బొమ్మను నలుపు తెలుపు చేస్తే పసుపు దాదాపు తెల్లబడుతుంది, నీలం దాదాపు నల్లబడుతుంది. కాబట్టి ఆ అంకెను నమ్మడం మానేసి, మధ్యమధ్యలో రంగు తీసేసి చూసుకోవడం మొదలుపెట్టాను. ఇంకో తమాషా: నారింజ వెలుగులో ఉన్న ముఖంలో నీడ నీలంగా కనిపించిందని పిక్కర్ పెట్టి చూస్తే అది ఉత్త బూడిద. పక్కన నారింజ ఉండబట్టి నీలమనిపించింది. నిజం నీలం పెడితే ఆ మనిషికి జబ్బు చేసినట్టుంటుంది.

ఒకటి పూర్తయ్యాక ప్రింట్ తీయించాలనిపించింది. ఏ4 సైజుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే కాన్వాస్ 2480 × 3508 పిక్సెల్స్ ఉండాలి, ఇది మొదట్లోనే పెట్టుకోవాల్సిన లెక్క. నేను పెట్టుకున్నాను, కాబట్టి బొమ్మ పదునుగానే వచ్చింది. కానీ తెర మీద మెరిసిపోయిన నీలం కాగితం మీద చప్పబడిపోయింది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ సిరాతో చూపిస్తుంది. ఆ నీలాన్ని ఇచ్చే సిరాల కలయిక లేదు. ప్రింట్‌లో రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫింగ్‌ను క్రీటాలో ఆన్ చేస్తే ఏ రంగులు అందవో ముందే తెలుస్తుంది. రెండో ప్రింట్‌కి నీలాన్ని తగ్గించి, నల్లబడిన నీడలన్నిటికీ ఒక మెట్టు వెలుగు పెంచి ఇచ్చాను. ముఖం బాగా వచ్చింది. జుట్టులోని పాయలు మాత్రం ఇంకా నలుపులో కలిసిపోతున్నాయి, ప్రస్తుతం వాటి మీదే ఉన్నాను.