పదిహేను వందల సీసా, రెండు వందల సీసా: హన్మకొండలో నా లెక్క

జెల్ పాలిష్, అంటే ల్యాంపు వెలుగులో గట్టిపడే గోళ్ల రంగు వేయడం నేర్చుకుంటున్న అమ్మాయిలు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఇదే: "అక్కా, బ్రాండెడ్ కొనాల్నా, హైదరాబాద్ బేగంబజార్ల దొరికే అగ్గువ మాల్‌తోటి నడుస్తదా?" నేను హన్మకొండలో నక్కలగుట్ట వైపు ఒక చిన్న గదిలో గోళ్ల పని చేస్తాను. అంతకుముందు పార్లర్‌లో థ్రెడింగ్, ఫేషియల్ చేసేదాన్ని, పెళ్లిళ్ల సీజన్‌లో మెహందీ వేసేదాన్ని. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. హైదరాబాద్‌లో కోర్సు చెప్పిన మేడమ్ ఖరీదైనవి తప్ప ముట్టుకోవద్దంది. ఆ సామాను ఆమె దగ్గరే దొరుకుతుంది. బేగంబజార్ షాపాయనేమో "అన్నీ ఒకటే ఫ్యాక్టరీలయి అమ్మా, పేరే తేడా" అన్నాడు. ఆయన దగ్గర ఉన్నవన్నీ రెండు వందల సీసాలే. ఎవరి సరుకును వాళ్లు మెచ్చుకుంటున్నారు కాబట్టి నేనే లెక్క తీయాల్సి వచ్చింది.

మొదలు తూకంతో పెట్టాను. మా బాబాయిది నగల పని. ఆయన దగ్గర చిన్న డిజిటల్ కాంటా ఒకటి అడిగి తెచ్చుకుని, పాలిష్ వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి సీసాలు తూచేదాన్ని. చూసినవాళ్లు నవ్వారు, "ఇగ గోర్ల రంగు గూడ తులాల లెక్కన అమ్ముతవా" అని. తేలిందేమిటంటే, ఎక్స్‌టెన్షన్లు లేకుండా సొంత గోళ్లకు వేస్తే పది వేళ్లకు బేస్ కోట్, అంటే గోటిని పట్టుకునే అడుగుపొర, అర గ్రాము లోపే పడుతుంది. రంగు రెండు పొరలు కలిపి ముప్పావు గ్రాము దాకా, అన్నిటికంటే పైన వేసే టాప్ కోట్ అర గ్రాము. గ్రామును దాదాపు ఒక ఎం.ఎల్. అనుకుందాం. 15 ఎం.ఎల్. సీసా పదిహేను వందల రూపాయలైతే ఒక మనిషికి 160, 170 రూపాయల సరుకు ఖర్చవుతుంది. అదే రెండు వందల సీసా అయితే ఇరవై పైచిలుకు. తేడా 140 దాకా.

ఇక్కడ సీసా సైజు చూసుకోవాలి. సీఎన్‌డీ షెల్లాక్ సీసా 7.3 ఎం.ఎల్., ఓపీఐ జెల్‌కలర్ సీసా 15 ఎం.ఎల్. పైన రాసిన రేటు ఒక్కటే చూసి ఇది చవక అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎం.ఎల్.కు ఎంత పడుతుందన్నదే అసలు ధర.

ఎనిమిది వందలు తీసుకునే పనిలో 140 రూపాయలు పెద్ద బరువు కాదు. బరువంతా అల్మారాలో ఉంటుంది. బతుకమ్మకు మెరూన్, ముదురు ఆకుపచ్చ అడుగుతారు. పెళ్లిళ్లకు న్యూడ్, లేత గులాబీ. కాలేజీ పిల్లలకు ఈ నెల ఒక రంగు, వచ్చే నెల ఇంకోటి. అందరినీ మెప్పించాలంటే నలభై రంగులైనా ఉండాలి. అన్నీ బ్రాండెడ్ అయితే అరవై వేలు సీసాల్లోనే ఇరుక్కుంటాయి. చవకవైతే ఎనిమిది వేలతో అయిపోతుంది. పైగా ఆ నలభైలో సగం సీసాలు ఏడాదికి పావు వంతు కూడా తరగవు. మే నెల ఎండల్లో గదిలో కూలర్ నడుస్తున్నా జెల్ పల్చబడి పక్కలకు జారుతుంది. కిటికీ దగ్గర పెట్టామా, ఎండ తగిలి మూత దగ్గర గట్టిపడి బ్రష్ ఊడి రాదు. అరవై వేల సరుకును అలా ఎండకు అప్పగించడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందుకే బేస్, రంగు, టాప్ మూడింటినీ విడదీసి చూశాను. ఒప్పుకున్న పాత కస్టమర్లకు ఒక చేతికి ఒక రకం, రెండో చేతికి ఇంకో రకం వేశాను. ఏ చేతికి ఏది వేశానో వాళ్లకు చెప్పలేదు, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వీళ్లలో మా వదిన ఉంది, యూనివర్సిటీలో చదువు చెప్పే ఒక మేడమ్ ఉంది, టిఫిన్ సెంటర్ నడిపే ఒకక్క ఉంది. నాకు అసలు పరీక్ష ఈ అక్కే. తెల్లారకముందే దోసెల పిండి, మధ్యాహ్నం దాకా గిన్నెలు, సబ్బు నీళ్లు. ఆమె చేతి మీద రెండు వారాలు నిలిచిందంటే వరంగల్‌లో ఎవరి చేతి మీదైనా నిలిచినట్టే.

రంగులో తేడా దొరకలేదు. ఖరీదైనది రెండు పొరల్లో నిండుగా వస్తే చవకది కొన్నిసార్లు మూడు పొరలు అడిగింది, అంతే. పిల్లి కన్నులా మెరిసే క్యాట్ ఐ, గ్లిటర్ లాంటివాటిలో అది కూడా లేదు. ఊడిపోవడానికి రంగు కారణం కాదని అర్థమైంది. బేస్ దగ్గర మాత్రం చేతికీ చేతికీ తేడా కనిపించింది. చవక బేస్ వేసిన చేతికి గోరు మొదట్లో, పక్కల లేచింది. మేం దాన్ని లిఫ్టింగ్ అంటాం. లేచిన సందులోకి నీళ్లు పోతాయి, జుట్టు ఇరుక్కుంటుంది, చికాకుతో వాళ్లే పీకేస్తారు. పీకితే జెల్‌తోపాటు గోరు పొర కూడా వస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆ పల్చటి గోటికి ఏదీ అతుక్కోదు. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్న సామెత మా వృత్తి వాళ్లే పుట్టించారేమో.

అయితే బేస్ మంచిదైతే చాలనుకోవడానికి కూడా లేదు. మా వదినకు రెండు చేతులకూ లేచింది. ఆమెకు గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మం, క్యూటికల్ పొర, గోరు మీద బాగా ముందుకు అతుక్కుని ఉంటుంది. కంటికి కనబడదు. దాన్ని పూర్తిగా తీసి, తేలిగ్గా బఫ్ చేసి (గోరు పైభాగం అరగదీసి), గోటి తడి, జిడ్డు లాగేసే డీహైడ్రేటర్ వేశాక చవక బేస్ కూడా మునుపటికంటే బాగానే నిలిచింది. ఈ తయారీకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వకుండా పదిహేను వందల సీసా కొన్నవాళ్లను నేను చాలామందినే చూశాను.

ఇక ల్యాంపు. అందరూ సీసాల గురించే మాట్లాడతారు కానీ నాకు ఎక్కువ నేర్పింది ఇదే. ఒక దశలో మంచి బేస్ వేసినా కొందరికి ముక్కముక్కగా రాకుండా గోరు మొత్తం మీది జెల్ తొడుగులా ఊడి వచ్చేది. చేత్తో తాకితే పైన గట్టిగానే ఉండేది. జెల్ దానంతటది ఎండదు. అందులో ఫోటోఇనిషియేటర్ అనే పదార్థం ఉంటుంది. ల్యాంపు వెలుగు తగిలితే అది విడిపోయి, మిగతా అణువులను గొలుసులా కలుపుతుంది. ఆ పదార్థానికి కావాల్సిన వెలుగు తరంగదైర్ఘ్యం, సరిపడా బలంతో, సరిపడా సేపు అందాలి. మామూలుగా ఎల్ఈడీ ల్యాంపులు 365, 405 నానోమీటర్ల దగ్గర వెలుగు ఇస్తాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్ల సంఖ్య చూసి ఇది తెలియదు. నా పాత ల్యాంపులో కొన్ని బల్బులు పోయాయి, ఉన్నవాటి మీద జెల్ చుక్కలు అంటి గట్టిపడ్డాయి. పైపొర గట్టిపడుతోంది, గోటిని పట్టుకోవాల్సిన అడుగుపొర పచ్చిగా మిగులుతోంది. నలుపు, మెరూన్ లాంటి ముదురు రంగుల్లో వెలుగు లోపలికి అసలే తక్కువ పోతుంది. మందంగా వేస్తే ఇంకా తక్కువ. ఏ బేస్ వాడుతున్నానో ఆ కంపెనీ చెప్పిన ల్యాంపే కొన్నాక, బొటనవేళ్లను విడిగా అడ్డంగా పెట్టి క్యూర్ చేయడం, అంటే వెలుగులో గట్టిపరచడం, అలవాటయ్యాక, ఆ తొడుగు ఊడటం ఆగింది. ల్యాంపు ఖరీదు నాలుగు సీసాల ఖరీదంత. నన్నడిగితే మొత్తం సామానులో ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

పచ్చిగా మిగిలిన జెల్ అంటే ఊడిపోవడం ఒక్కటే కాదు. కరీంనగర్‌లో నాతోపాటే పని నేర్చుకున్న ఒకమ్మాయికి వేళ్ల కొసలు దురద పెట్టి, పగిలి, కనురెప్పలు కూడా వాచాయి. సబ్బు పడలేదనుకుని చాలా రోజులు క్రీములు రాసుకుంది. స్కిన్ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద పదార్థాలు అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేయిస్తే జెల్‌లో ఉండే ఆక్రిలేట్ పదార్థాల అలర్జీ అని తేలింది. ఒకసారి వచ్చిందంటే మామూలుగా జీవితాంతం ఉంటుంది. గోళ్ల పనే కాదు, ఇదే జాతి పదార్థాలు పళ్ల డాక్టర్లు వాడే ఫిల్లింగులలో, ఎముకల ఆపరేషన్ల సిమెంటులో కూడా ఉంటాయి కాబట్టి అక్కడ కూడా ముందే చెప్పుకోవాలి. ఆమె ఇప్పుడు చీరల ప్రీప్లీటింగ్ చేస్తోంది.

వీటిలో ఎక్కువగా అలర్జీ తెచ్చేది హేమా (HEMA) అనే మోనోమర్, అంటే ఇంకా గొలుసుగా కలవని విడి అణువు. చిన్న అణువు, చర్మంలోకి సులువుగా దిగుతుంది. యూరప్‌లో 2021 నుంచి హేమా ఉన్న గోళ్ల సామాను మీద వృత్తిలో ఉన్నవాళ్లే వాడాలని, అలర్జీ రావచ్చని రాయాలి. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి: ఖరీదైనదంటే హేమా లేనిదని కాదు. పేరున్న కంపెనీల సీసాల్లో కూడా అది ఉంటుంది. కస్టమర్‌కు మూడు వారాలకు ఒకసారి తగిలేది మనకు రోజంతా తగులుతుంది కాబట్టి ముప్పు మనకే ఎక్కువ. జెల్‌ను చర్మానికి అంటనివ్వకపోవడం, క్యూర్ అయ్యాక పైన మిగిలే జిగటను తుడిచేటప్పుడు అదే దూదితో పక్క చర్మం రుద్దకపోవడం, నైట్రైల్ గ్లవ్స్‌ను తరచూ మార్చడం, వీటికి సీసా ధరతో సంబంధం లేదు. లాటెక్స్ గ్లవ్స్‌లోంచి ఇవి త్వరగానే దాటిపోతాయి. నైట్రైల్ కూడా ఎక్కువసేపు ఆపలేదు.

మరి పదిహేను వందలకు ఏం వస్తుంది? నాకు వచ్చింది లేబుల్. పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ ల్యాంపులో ఎన్ని సెకన్లు అన్న వివరం. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం బయటి దేశాల నుంచి వచ్చే కాస్మెటిక్స్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు, దాన్ని తీసుకున్నవారి పేరు లేబుల్ మీద ఉండాలి. నేను కొన్న రెండు వందల సీసాల్లో చాలావాటి మీద రంగు నంబరు తప్ప ఏమీ లేదు. అదే నంబరు మళ్లీ కొంటే రంగు ఒక ఛాయ తేడాగా, చిక్కదనం ఇంకోలా వచ్చేది. లోపల ఏముందో తెలియనప్పుడు ఎవరికైనా దురద వస్తే దేని వల్లో డాక్టర్‌కు ఏమని చెప్పాలి?

ఈ లేబుల్ సంగతి ఈమధ్య ఇంకా ముదిరింది. టీపీఓ అనే ఫోటోఇనిషియేటర్‌ను యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించింది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో సంతాన సామర్థ్యానికి హాని కనిపించడంతో దాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు. దీని మీద వచ్చిన రీల్ చూసి గాబరాగా ఫోన్ చేసినవాళ్లున్నారు, "చెల్లె, మొన్న నాకు ఏసింది గదేనా" అని. పరీక్షల్లో జంతువులకు ఇచ్చింది తినే దారిలో, గోటి మీద క్యూర్ అయిన జెల్ వేరు అని చెప్పగలిగాను. నా బేస్ సీసా మీద టీపీఓ లేదని చూపించగలిగాను. రెండు వందల సీసాకు చూపించడానికి ఏమీ ఉండదు.

టాప్ కోట్‌కు నేను పెట్టిన పరీక్ష పసుపు. మన పెళ్లికూతుళ్లకు మిల్కీ వైట్, లేత గులాబీ వేసి పంపితే మర్నాడు నలుగు, మంగళస్నానం. ఫోటోలకు కూర్చునేసరికి గోళ్లు పచ్చబడతాయి. ప్లాస్టిక్ గోళ్ల (టిప్స్) మీద రకరకాల టాప్ కోట్లు వేసి, పసుపు ముద్దలో రాత్రంతా ఉంచాను. కడిగాక చవకవి రెండూ నిమ్మపండు రంగుకు వచ్చాయి. ఖరీదైన వాటిలో ఒకటి దాదాపు తెల్లగానే ఉంది, ఇంకోటి మాత్రం పచ్చబడింది. ధరనే నమ్ముకుని ఉంటే ఆ రెండోదే కొనేదాన్నేమో, ఎందుకంటే దాని రేటే ఎక్కువ. పూర్తిగా తెల్లగా ఉండేది నాకింకా దొరకలేదు కాబట్టి నలుగు అయ్యాకే రమ్మని పెళ్లివాళ్లకు ముందే చెబుతాను. ఆవకాయ రోజులకు కూడా ఇదే మాట.

రేటు వంద పెంచినప్పుడు కొంత గొడవైంది. "చౌరస్తా కాడ ఆరు నూర్లకే ఏస్తున్నరు" అన్నవాళ్లున్నారు. కొందరు అక్కడికే వెళ్లారు, వాళ్లందరూ తిరిగొచ్చారని చెప్పను. కానీ లిఫ్టింగ్ అని వారంలోపే ఉచితంగా మళ్లీ వేయించుకునేవాళ్లు బాగా తగ్గారు. ఒక రిపేర్ అంటే గంట సమయం, అసిటోన్, ఫాయిల్, మళ్లీ సరుకు, పైన వాళ్ల మాటలు. ఆ గంటలో ఇంకొకరికి వేస్తే ఎనిమిది వందలు వచ్చేవి. 140 రూపాయల లెక్క నాకు అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు నా ట్రేలో బేస్, టాప్, గోటికి బలం, పొడవు ఇచ్చే బిల్డర్ జెల్ ఖరీదైనవే. బిల్డర్ మందంగా వేస్తాం కాబట్టి క్యూర్ అయ్యేటప్పుడు వేడి పుడుతుంది, గోరు చురుక్కుమంటుంది. పేరు తెలియని సరుకుతో ఆ ప్రయోగం ఎవరి వేలి మీదా చేయను. రంగుల్లో రోజూ నడిచే ఎనిమిదీ పదీ మంచివి, మిగతావన్నీ మన దేశపు కంపెనీల మధ్య రకం, నాలుగు వందల లోపువి, లేబుల్ ఉన్నవి. కొత్తగా మొదలుపెట్టే చెల్లెలికి నేను రాసిచ్చే చిట్టీలో ముందు ల్యాంపు, తర్వాత బేస్, టాప్, గ్లవ్స్, ఆఖరికి రంగులు. స్టిక్కర్లు, రాళ్లు, ముత్యాలు మాత్రం నేనూ బేగంబజార్‌లోనే కొంటాను. కాజీపేటలో రైలెక్కి వెళ్లొచ్చిన టికెట్ డబ్బులు వాటిలోనే మిగులుతాయి.