మసి పూసి మారేడుకాయ

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న కాఫీ తాగి, బాల్కనీ తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. మూడు నెలలుగా ఈడుస్తున్న డిస్కవరీ స్పేస్ షటిల్ బొమ్మ ఇవాళ ఎలాగైనా అయిపోవాలని పట్టుదల. 1/144 స్కేలు. అసలుది 37 మీటర్ల పొడవు, నాది జానెడు దాటి నాలుగు వేళ్లు. రంగులు, డెకాల్స్ అనే అతికించే గుర్తులు అన్నీ అయ్యాయి. మిగిలింది వెదరింగ్, అంటే తళతళలాడే ఈ ప్లాస్టిక్ ముక్కని 39 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చినదానిలా అలసిపోయినట్టు చూపించడం.

నల్లపొడి కోసం సీసాలు కొనడం మానేశాను. అమ్మ దేవుడి గూటిపైన దీపం మసి పేరుకుని ఉంటుంది. మెత్తని బ్రష్షుతో కాగితం మీదకి దులుపుకుంటే చాలు. నూనె మసి కాబట్టి కాస్త జిడ్డుగా ఉండి ఇట్టే అంటుకుంటుంది. నేను దులుపుతుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఏట్రా, కొత్త బొమ్మకి మసి పూస్తన్నావు? మూడు నెల్లు రంగులేసింది దీనికేనా?"

"మసి పూసి మారేడుకాయ చేస్తున్నానమ్మా."

"మారేడుకాయైతే పొట్టకైనా మంచిది," అంటూ లోపలికి వెళ్లిపోయింది.

అసలు ఆనందమంతా కడుపు భాగంలో వేడిని ఆపే నల్లపలకల దగ్గరుంది. నిజం షటిల్‌కి ఇలాంటి పలకలు నలుపు, తెలుపు కలిపి 24 వేల దాకా ఉండేవి. సిలికా నారతో చేసినవి, ఘనపరిమాణంలో తొంభై శాతానికి పైగా గాలే. మామూలు నల్లపలక ఆరంగుళాల చదరం, నా స్కేల్లో మిల్లీమీటరు. అన్నిటికీ ఒకే నలుపు కొడితే తారు డబ్బాలో ముంచి తీసినట్టుంటుంది. వెళ్లొచ్చిన ప్రతిసారీ పాడైన పలకలు తీసేసి కొత్తవి అతికించేవారు. పాతవి వేడికి వెలిసి బూడిదరంగుకి తిరిగితే, కొత్తవి కాటుకలా నల్లగా కనబడేవి. అందుకని అడుగు మొత్తానికి ముదురు బూడిదరంగు వేసి, అగ్గిపుల్ల చెక్కి చేసుకున్న మొనతో అక్కడక్కడ నల్లచుక్కలు పెట్టుకుంటూ పోయాను. రెండు గంటల్లో అరచేయంత మేర అయింది. మెడ పట్టేసింది, అయినా లేవబుద్ధి కాలేదు.

పక్కన స్టాండు మీద నారింజరంగు పెద్ద ఇంధన ట్యాంకు. దాని కథ నాలాంటి రంగులవాడికి మహా ఇష్టం. 1981లో మొదటి రెండు ప్రయోగాలకి దానికి తెల్లరంగు వేశారు. అవసరం లేదని తేలాక మూడోసారి నుంచి మానేశారు. ఉత్త రంగు మానేస్తేనే 270 కిలోల బరువు తగ్గింది!

భోజనాలయ్యాక పెద్ద తప్పు చేశాను. నేను ఓడల మరమ్మతు యార్డులో పెయింట్ ఇన్స్పెక్టర్ని. వారమంతా తుప్పుతోనే కాపురం. చెయ్యి దాని అలవాటున అది బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి ఛాయ ఆయిల్ రంగుని టర్పెంటైన్‌లో పల్చన చేసి, తలుపు అంచుల కింద, కిటికీల కింద నిలువుగా తుప్పు చారలు దించేసింది. లంగరు గొలుసు రంధ్రం కింద ఓడకి కారినట్టే. చూసుకుని మురిసిపోయాను కూడా.

సాయంత్రం అక్క కూతుర్ని వైజాగ్ బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను. అది మురీ మిక్చర్ తింటూ ప్రదర్శనకి పెట్టిన నేవీ టీయూ-142 విమానం చుట్టూ తిరుగుతోంది. రోడ్డుకి అవతల ఇసుకలో కుర్సురా జలాంతర్గామి. ఎదురుగా విమానాన్ని చూస్తుంటే చెంప మీద కొట్టినట్టు తోచింది. 2017 నుంచీ ఆగి ఉన్న విమానం కనుక దీని మీద వాన కిందికి జారుతుంది. ఎగిరిన రోజుల్లోనో? ఇంజిన్ల మసి, నూనె అన్నీ గాలివాటున వెనక్కే సాగేవి. షటిల్ కూడా అంతే. ముక్కు దగ్గరి థ్రస్టర్లనే చిన్న రాకెట్ల నుంచి చారలు తోకవైపు పోవాలి. లాంచ్ ప్యాడ్ మీద ముక్కు పైకెత్తి నిలబడ్డప్పుడు వాన కురిసినా తోకవైపే జారుతుంది. పైగా తుప్పేమిటి నా మొహం! లోపల అల్యూమినియం, పైన పలకలు, వేడి ఆపే దుప్పట్లు. తుప్పు పట్టడానికి అక్కడ ఇనుమేదీ?

"మావయ్యా, అంతరిక్షంలో మురికెక్కడిది?" అని దారిలో అడిగింది. పైన అంటుకునేది తక్కువ, తిరిగొచ్చేటప్పుడు మన గాలిలో కాలుతుంది అన్నాను. సగం విని, ఐస్‌క్రీమ్ అడిగింది.

ఇంటికొచ్చి టర్పెంటైన్‌లో ముంచిన ఇయర్ బడ్స్‌తో చారలన్నీ తుడిచేశాను. కింద మెరుపు వార్నిష్ ఉండబట్టి రంగు ఊడలేదు. మసి మాత్రం మళ్లీ మొదటినుంచి అద్దాల్సి వచ్చింది, ఈసారి ముక్కు నుంచి తోకకి. తొమ్మిదయింది. బయట చినుకులు. మసి రాలకుండా మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ఒక్క పూత కొడితే అయిపోతుంది కదా అని ఎయిర్‌బ్రష్ తీశాను.

యార్డులో గాల్లో తేమ 85 శాతం దాటితే నేను స్ప్రే గన్ ముట్టుకోనివ్వను. ఉక్కు వేడి డ్యూ పాయింట్ (గాల్లో తడి నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలని ఎంతమందితో గొడవపడ్డానో లెక్కలేదు. అలాంటివాణ్ని, ఇంట్లో తేమ మీటరు వైపు కూడా చూడలేదు.

ఐదు నిమిషాలకి షటిల్ మీద పాలపొర కమ్మింది. థిన్నర్ గబగబా ఆరుతూ పైపొరని చల్లబరిచింది, గాల్లోని తడి అందులో చిక్కుకుంది. నల్లపలకలు, మసిచారలు ఏవీ కనబడవు. అప్పుడు మీటరు చూస్తే 91.

అమ్మ మంచినీళ్లకి లేచి వచ్చి తొంగి చూసింది. "మారేడుకాయ కాస్తా బూడిద గుమ్మడికాయయ్యిందేట్రా!"

గదిలో ఏసీ వేసి, షటిల్‌ని బల్ల మీద పెట్టాను. ఆలస్యంగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపి మెరుపు వార్నిష్ పల్చగా ఒక పూత కొడితే ఈ తెలుపు చాలావరకు పోతుంది. మీటరు ఇప్పుడు 68 చూపిస్తోంది. 60కి దిగేదాకా ముట్టుకోను.