అరసవల్లి దారిలో వెనక చక్రం

గుర్ల దాటాక రోడ్డులో సగం మేర మొక్కజొన్న ఆరబోసి ఉంది. ఏప్రిల్‌లో మా విజయనగరం పల్లెల్లో చాలా రోడ్లు ఇలాగే పచ్చగా మెరుస్తుంటాయి. గింజలు తొక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోనే బళ్లన్నీ పోవాలి. ఎదురుగా ఆటో వచ్చింది. గింజల దగ్గరికి వెళ్లకముందే ఆగుదామని రెండు బ్రేకులూ పట్టాను. సరిగ్గా అక్కడే తారు లేచిపోయి గతుకులు. వెనక చక్రం ఎగిరెగిరి పడి, ఒక్క క్షణం బిగుసుకుపోయి పక్కకి జారింది. మా ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. పడలేదు. బండి వంకరగా, ముందు చక్రం రాళ్లకి తగులుతూ ఆగింది. ఆటో వెళ్లిపోయాక కూడా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

ఆదివారం అరసవల్లి సూర్యనారాయణస్వామిని చూసుకుని, కళింగపట్నం సముద్రం దాకా వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాలని మా ప్రయాణం. హైవే మీద వెళ్తే దగ్గరే. రాజాంలో మా ఆవిడ పెద్దమ్మగారికి ఆవకాయ కాయలు ఇవ్వాలి కాబట్టి నెల్లిమర్ల, చీపురుపల్లి మీదుగా బయల్దేరాం. బండి ఎనిమిదేళ్ల నాటి పల్సర్ 150. ముందురోజు సాయంత్రం గాలి కొట్టించాను. "లాంగ్ వెళ్తున్నారు, ఇద్దరున్నారు, గట్టిగా కొట్టేశాను" అన్నాడు షాపులో కుర్రాడు. గట్టిగా ఉంటే మంచిదేనని నేనూ నమ్మాను. ఇన్నేళ్లూ అలాగే నమ్ముతూ వచ్చాను.

రాజాంలో కాయలు ఇచ్చేసి, రోడ్డు పక్కనే ఉన్న పంక్చర్ షాపు దగ్గర ఆగాను. అరవై దాటిన పెద్దాయన. మొదట టైరుని చేత్తో తడిమాడు, తర్వాత మీటరు పెట్టాడు. వెనక 42 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత).

"ఏటి బాబూ, ఇంత గాలేటి? లారీకి కొట్టినట్టు కొట్టేసినారు."

వెంటనే తీసేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. యాభై కిలోమీటర్లు వచ్చిన టైరు వేడెక్కి ఉంటుంది, లోపల గాలి వ్యాకోచించి మీటరు ఎక్కువ చూపిస్తుంది, ఇప్పుడు లెక్క ప్రకారం తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది అన్నాడు. బండిని నీడలో పెట్టించాడు. పూర్తిగా చల్లారాలంటే మూడు గంటలు పడుతుంది. అంత టైం లేదు కాబట్టి టిఫిన్ చేసి రమ్మన్నాడు. ముప్పావు గంట తర్వాత వెనక 40, ముందు 33. నా బండి పుస్తకంలో ఉన్న లెక్క చల్లటి టైరుకి ముందు 25, వెనక ఒక్కరే ఉంటే 28, ఇద్దరుంటే 32. ఇంకా కాస్త వేడి ఉంది కాబట్టి వెనక 34, ముందు 26 ఉంచాడు. మర్నాడు పొద్దున్న ఇంట్లో చూస్తే సరిగ్గా 32, 25 ఉన్నాయి. ఆయన చేతి అంచనాకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

గాలి తీసేటప్పుడు ఆయన నన్ను వంగి చూడమన్నాడు. వెనక టైరు మధ్యలో పలకలా చదునైపోయింది. "నడిమిని బటన్లు అరిగిపోనాయి, పక్కలు కొత్తగున్నాయి చూడు." టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దానికి ఎదురుగా గాడిలో చిన్న రబ్బరు గట్టు. బటన్లు, అంటే టైరు మీది రబ్బరు దిమ్మలు, అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చాల్సిందే. నాది ఇంకో గోరంత మందం మిగిలి ఉంది. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో ఉబ్బి, నేలకి ఆనే జాగా చిన్నదైపోతుంది, మధ్య భాగమే అరుగుతుంది. రోజూ భోగాపురం వరకూ హైవే మీద తిన్నగా వెళ్లి రావడం దానికి తోడైంది. అసలు నేలని పట్టుకునే జాగా ఒక్కో టైరుకి మన అరచేయంత కూడా ఉండదు. ఇద్దరి ప్రాణాలూ దాని మీదే. గట్టి టైరు గతుకుల మీద ఒదగదు, బంతిలా ఎగురుతుంది. చక్రం గాలిలో ఉన్నప్పుడు బ్రేకు పడితే చక్రం ఆగుతుంది గాని, బండి ఆగుతుందా?

అలాగని గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కాదు. తక్కువైతే టైరు పక్కలు మెలికలు తిరుగుతూ వేడెక్కుతాయి, అంచులు అరుగుతాయి, హ్యాండిల్ బరువెక్కుతుంది, గుంటలో పడితే రిమ్ము దెబ్బతింటుంది. ఇక రోడ్డు మీద పోసిన గింజల సంగతంటారా, దానికి ఏ గాలీ, ఏ టైరూ పనికిరాదు. ముందే వేగం తగ్గించి, బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా దాటాలి. రైతుకి కల్లం లేకపోతే ఇంకెక్కడ ఆరబోసుకుంటాడు? జాగ్రత్త మనమే పడాలి.

రాజాం నుంచి చిలకపాలెం వరకూ అదే బండి వేరేలా నడిచింది. గతుకుల మీద నడుం అదరలేదు. ఒక తేడా మాత్రం అలాగే ఉంది. మలుపులో వంచేటప్పుడు చదునైన భాగం అంచు దాటగానే బండి ఒక్కసారిగా పక్కకి ఒరుగుతుంది. అది గాలితో పోయే జబ్బు కాదు.

అరసవల్లిలో ఆదివారం రద్దీ గురించి చెప్పక్కర్లేదు. దర్శనం అయ్యేసరికి పన్నెండు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అక్కడ ఎండలో మీటరు పెట్టి చూస్తే వెనక 37. చెయ్యి వాల్వు మీదికి వెళ్లింది. పెద్దాయన మాట గుర్తొచ్చి, గాలి తీయకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయిదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. ఆ పెరుగుదలని కూడా లెక్కలో పెట్టుకునే కంపెనీవాళ్లు చల్లటి లెక్క ఇస్తారు. సాలిహుండం కొండ ఎక్కాలనుకున్నాం గాని, పడమటన మబ్బు పట్టేసింది.

రణస్థలం దగ్గర వాన అందుకుంది. ఎండలు కాచిన రోడ్డు మీద తొలి చినుకులే ప్రమాదం. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము పైకి తేలి జిడ్డులా ఉంటుంది. అరిగిన టైరు గాడులకి నీళ్లని పక్కకి నెట్టే శక్తి తక్కువ. ఒక టీ కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగాం. రోడ్డు కడుక్కుపోయాక, తెల్ల గీతల మీద చక్రం పెట్టకుండా, నలభై దాటకుండా నాతవలస వరకూ వచ్చాం. అక్కడి నుంచి విజయనగరం మామూలే.

ఆ తర్వాతి శనివారమే వెనక టైరు మార్పించాను. అదే సైజు, 100/90-17. పక్కన నాలుగంకెల తేదీ చూసే తీసుకున్నాను. 1224 అని ఉంటే 2024లో పన్నెండో వారం తయారీ అని అర్థం. తిరిగే దిక్కు చూపే బాణం సరిగ్గా ఉందో లేదో దగ్గరుండి చూశాను. కొత్త రబ్బరు మీద నునుపు పోయేదాకా, నూట యాభై కిలోమీటర్లు, రామతీర్థం వైపు నెమ్మదిగా తిప్పాను.

ఈ ఆదివారం సాలిహుండం. పొద్దున్నే, ఎండ పడకముందు చూశాను. ముందు 25, వెనక 31. మా ఆవిడ తయారయ్యేలోగా ఆ ఒక్కటీ కొట్టించుకు రావాలి.