పదిమంది మీదికి ఎనిమిదిమంది

గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. చిన్న సంస్థ. మాకంటే ఎన్నో రెట్లు పెద్ద కంపెనీ ఒకటి ఇదే రంగంలోకి దిగి, మా ధరలో సగానికే అమ్మడం మొదలుపెట్టింది. మా సేల్స్ వాళ్ళందరిదీ ఒకటే పాట: మనమూ తగ్గిద్దాం.

యుద్ధతంత్రం మీద నాకు ఆసక్తి ఎక్కువ. వ్యాపారంలో ఆ మాటెత్తితే నవ్వుతారు, తప్పు లేదు. మీటింగుల్లో ప్రాచీన చైనా యుద్ధతంత్రవేత్త సున్‌ జీ (సన్ జూ) సూక్తులు విని విని అందరికీ విసుగొచ్చింది. అందుకే సూక్తులు వదిలేసి లెక్క పట్టుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీరు కట్టిన లెక్క అది: ఎదురెదురు కాల్పుల్లో, నైపుణ్యం సమానమైతే, బలం సంఖ్యను బట్టి కాక సంఖ్య వర్గాన్ని, అంటే దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది. పదిమందితో ఎనిమిదిమంది తలపడితే 100లోంచి 64 పోగా 36. 36 అంటే ఆరు ఆర్లు కాబట్టి, ఎనిమిదిమందీ పోతారు, అవతల ఆరుగురు మిగులుతారు. అదే ఆ పదిమంది ఐదుగురు చొప్పున రెండు చోట్ల ఉంటే? 64లోంచి 25, మళ్ళీ 25. ఇంకా 14 మిగిలింది. ఎనిమిదిమంది రెండు దళాలనూ వరసగా ఓడించి, దాదాపు నలుగురు నిలబడతారన్నమాట. బోర్డు మీద ఇది వేశాక డిస్కౌంటు మాట ఆగిపోయింది.

అవతలివాళ్ళు బట్టలు, విడిభాగాలు, మందులు, అన్నిట్లోనూ ఉన్నారు. మేం మందుల గోదాముల్నే ఎంచుకున్నాం. మందుల కంపెనీ ఏదైనా బ్యాచ్‌ని వెనక్కి పిలిస్తే అది ఏ దుకాణానికి ఎంత వెళ్ళిందో వెంటనే తేలాలి. అవతలి సాఫ్ట్‌వేర్‌లో దానికోసం బిల్లులన్నీ తిరగేయాలి. మా వాళ్ళు డెమోలో వేరే ఏమీ చూపించేవారు కాదు. గోదాము మేనేజరునే ఒక బ్యాచ్ నంబరు చెప్పమని, టైపు చేసి, దుకాణాల జాబితా తెర మీద పెట్టేవారు. ధర సంగతి ఆ తర్వాతే.

అసలు తలనొప్పి మిగతా రంగాల్ని వదలడంలో వచ్చింది. ఒకచోట బలం పోగుపడాలంటే ఇంకోచోట పలచబడక తప్పదు. కాగితం మీద అందరూ ఒప్పుకున్నారు, కానీ బట్టల వ్యాపారుల్ని చూసుకునే సేల్స్ వాళ్ళ ఇన్సెంటివ్ పోతుంది కదా, ఎలా ఊరుకుంటారు? టార్గెట్లు తిరగరాసి, కొత్త రంగంలో కుదురుకునేదాకా పాత ఇన్సెంటివే ఇచ్చాం. పాత కస్టమర్లకు సర్వీసు ఆపలేదు, కొత్తవాళ్ళ కోసం తిరగడం మానేశామంతే.

కౌటిల్యుడు రాజులకు చెప్పిన ఆరు విధానాల్లో రెండు బాగా పనికొచ్చాయి. ధరల పోరులో ఆసనం, అంటే కదలకుండా కూర్చోవడం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే, మాతో పోటీ లేని ఓ పెద్ద సంస్థతో సంశ్రయం, అంటే దాని అండ చేరడం. వాళ్ళ కస్టమర్ల దగ్గరికి మమ్మల్ని వాళ్ళే తీసుకెళ్ళారు.

ఒక్కచోట మాత్రం యుద్ధభాష ఆపించాను. కస్టమర్‌ని ‘పట్టుకున్నాం’ అనడం మా వాళ్ళకు అలవాటైంది. కోట గెలిస్తే అది లేచి అవతలివాడి దగ్గరికి పోదు, కస్టమర్ పోతాడు.

ఇప్పుడు అవతలివాళ్ళూ బ్యాచ్ వెతుకులాట తెచ్చారు. మందుల గోదాముల్లో అప్పటికే మాదే పైచేయి. తర్వాత ఏ రంగమన్నది తేలాలి. సేల్స్ వాళ్ళు ఒకేసారి రెండు అడుగుతున్నారు. ఒక్కటే అన్నాను.