మా అమ్మాయి పంక్ పాటలు, నా పట్టుదల

"ఇది నీకు నచ్చాల్సిన అవసరం లేదమ్మా" అంది మా అమ్మాయి. కోపంగా కాదు, చాలా మామూలుగా. తన గదిలో మోగుతున్న పాట ఏ బ్యాండుదని అడిగాను, బాగుందని కూడా అన్నాను. నిజంగా బాగుందనిపించే అన్నాను. దానికి వచ్చిన జవాబు అది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

తనకు పదిహేనేళ్లు. స్టాక్‌హోమ్ శివార్లలో మా ఇల్లు. కొన్నేళ్ల పాటు ఆదివారం ఉదయాల్లో విజయవాడ నుంచి వీడియో కాల్‌లో సంగీతం క్లాసు ఉండేది. చలికాలంలో మాకూ ఇండియాకూ నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. ఇక్కడ గడియారం మార్చిన ప్రతిసారీ టీచరు గారితో సమయం మళ్లీ కుదుర్చుకునేదాన్ని. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చాక ఇక పాడనంది. డ్రమ్స్ నేర్చుకుంటానంది. మునిసిపాలిటీ నడిపే సంగీత పాఠశాలలో చేరింది. మరుసటి ఏడాదికి ముగ్గురు స్నేహితురాళ్లతో ఒక పంక్ బ్యాండు తయారైంది. పంక్ అంటే వేగంగా, గట్టిగా, తిరుగుబాటు ధోరణిలో సాగే రాక్ సంగీతం.

నాకు ఏ విషయమైనా మొదటి నుంచీ తెలుసుకోవాలనిపిస్తుంది. అందుకని స్వీడన్ పంక్ చరిత్ర వెంట పడ్డాను. 1977లో రోగ్స్‌వేద్‌లో పుట్టిన ఎబ్బా గ్రోన్ అనే బ్యాండు దగ్గర మొదలుపెట్టాను. రోగ్స్‌వేద్ అంటే స్టాక్‌హోమ్ శివార్లలోని సాధారణమైన అపార్ట్‌మెంట్ల పేట. ఒక పోలీసు ఆపరేషన్‌కు వాడిన సంకేతపదాన్ని ఆ కుర్రాళ్లు తమ బ్యాండుకు పేరుగా పెట్టుకున్నారు. తర్వాత ద హైవ్స్. నలుపు తెలుపు సూట్లు వేసుకుని వేదిక మీద నిప్పులు కురిపించే ఈ బ్యాండు 1993లో ఫాగెర్‌స్టాలో మొదలైంది. ఉక్కు కర్మాగారాల చిన్న ఊరు అది. ఆ ఊరి నుంచి లేచిన మోత ప్రపంచమంతా వినిపించింది. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్, రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోయే పాట. అందులో ఒక్క క్షణం కూడా వృథాగా పోదు. నేను వంట చేస్తూ వాళ్ల పాటలు విన్నాను, ఇప్పటికీ వింటాను.

ఉమియో గురించి చదివినప్పుడు మాత్రం నిజంగా ఆశ్చర్యపోయాను. ఉత్తరాన ఉన్న ఆ విశ్వవిద్యాలయ పట్టణంలో 1991లో రెఫ్యూజ్డ్ బ్యాండు మొదలైంది. తొంభైల్లో అక్కడి పంక్ పిల్లలు చాలామంది మద్యం, సిగరెట్టు ముట్టబోమని ఒట్టుపెట్టుకున్నవారు. పాలు, గుడ్లు కూడా తినని కఠినమైన శాకాహారులు. మన ఇళ్లలో పంక్ అనగానే ఏం ఊహించుకుంటామో, వాళ్లు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ ఊరికి కాస్త ఎగువన ఉన్న రాబెర్ట్స్‌ఫోర్స్ అనే చిన్న ఊళ్లో 1992లో నలుగురు అమ్మాయిలు సహారా హాట్‌నైట్స్ పెట్టారు. వాళ్లలో ఇద్దరు అక్కచెల్లెళ్లు. అప్పటికి వాళ్లు ఇంకా బడి పిల్లలే. మా అమ్మాయి బ్యాండు పెట్టిన రోజుల్లో ఈ సంగతి తెలిసి నాకు ధైర్యం వచ్చింది.

ఇదంతా ఉత్సాహంగా తనకు చెప్పాను. ఓపికగా విని, "వాళ్లందరూ నీ వయసు వాళ్లు" అంది. నిజమే, హైవ్స్ వాళ్లదీ నాదీ దాదాపు ఒకటే తరం. నాకు కొత్తగా దొరికినవన్నీ తనకు పాతవి. వయాగ్రా బాయ్స్ కూడా అందరికీ తెలిసిపోయిన బ్యాండే అంటుంది. ఆ పేరు ఇంట్లో పలకడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. కానీ పాటల్లోని మాటలు చదివితే, అవి మగతనం గురించి గొప్పలు చెప్పుకునే వాళ్లనే ఎండగడుతున్నాయి. బేస్ గిటార్ బండిని లాగుతుంటే మధ్యలో సాక్సఫోన్ అరుస్తుంది. నాకు చాలా నచ్చింది. తను ఇప్పుడు మాల్మోకు చెందిన అర్రె అర్రె, గోథెన్‌బర్గ్‌కు చెందిన బెవర్లీ కిల్స్ వింటోంది. ఒక బ్యాండు కచేరీలో ముందుగా వాయించే చిన్న బ్యాండు ఏదో చూస్తుంది, వాళ్లు ఎవరితో కలిసి వాయించారో వెతుకుతుంది, అలా ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది. నేను పుస్తకంలా మొదటి నుంచి చదువుకొస్తున్నాను. తను ఇప్పుడు జరుగుతున్నదాని వెంట నడుస్తోంది.

ఇలాంటి పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఒకటి గట్టిగా చెప్పాలని ఉంది. పాట గురించి పోట్లాడే ముందు, పిల్లలు సాధన చేసే గదిని ఒకసారి చూసి రండి. ఇక్కడ వయోజన విద్య కోసం పుట్టిన అధ్యయన సంఘాలు ఉన్నాయి. వాటిలో పెద్దదైన ఎ.బి.ఎఫ్.ను 1912లో కార్మిక ఉద్యమం స్థాపించింది. కూలీలు కూర్చుని చదువుకోవడానికి మొదలైన ఆ పద్ధతిలోనే ఇవాళ బ్యాండ్లు సాధన చేసుకుంటున్నాయి. కనీసం ముగ్గురు కలిస్తే ఒక అధ్యయన బృందం అవుతుంది. దానికి గది, యాంప్లిఫయర్లు, డ్రమ్స్ దొరుకుతాయి. బదులుగా ఎవరెవరు వచ్చారో హాజరు రాయాలి. మా అమ్మాయి బ్యాండులో ఆ హాజరు పట్టిక తన బాధ్యతే, ఒక్క వారం కూడా మరిచిపోదు. స్వీడన్‌లో ఇంత చిన్న ఊళ్ల నుంచి ఇన్ని బ్యాండ్లు రావడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. డబ్బున్న ఇల్లా, లేని ఇల్లా అని అడగకుండా తలుపు తెరిచిన ఇలాంటి గదులు కూడా కారణం. 2024 నుంచి ప్రభుత్వం ఈ సంఘాలకు ఇచ్చే నిధులను తగ్గిస్తూ వస్తోంది. అది నాకు బాధ కలిగిస్తోంది. మన పిల్లలు వాడుకుంటున్న గదులివి, మనం కూడా వీటి కోసం మాట్లాడాలి.

ఇంతవరకూ నాకు స్పష్టంగానే ఉంది. ఆ తర్వాతే సందేహాలు.

ఒక సాయంత్రం తనే అడిగింది, తెలుగులో ఇలాంటి కోపం ఉన్న పాటలు లేవా అని. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గద్దర్ పాటల వీడియోలు పెట్టాను. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు, ఎదురుగా వేలాది జనం. తను కదలకుండా చూసింది. డప్పు దెబ్బను వేళ్లతో బల్ల మీద పట్టుకుంది, రెండుసార్లు తప్పి మూడోసారి సరిగ్గా పట్టింది. "చాలా బలంగా ఉంది. కానీ ఇది నీదమ్మా" అంది.

నీది, నాది అనే ఈ గీత తను ఎందుకు గీస్తోంది? ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేను పట్టుబడతాను. ఆ విషయంలో వెనక్కి తగ్గను. కానీ ఏం వినాలో, ఏం వాయించాలో నీ ఇష్టమే అంటాను. అలా అంటూనే తను వినే ప్రతిదాన్నీ నేనూ విని, అభిప్రాయం చెప్పి, మెచ్చుకుంటాను. మా నాన్నకు నేను వినే సినిమా పాటలు గోలగా అనిపించేవి. ఆయనకు నచ్చకపోవడం వల్లే అవి పూర్తిగా నావయ్యాయి. మా అమ్మాయికి ఆ అవకాశం నేను ఇస్తున్నానా? నేను ప్రేమతోనే వింటున్నాను. కానీ తన గదిలోకి వెళ్లినట్టే తన పాటల్లోకీ వెళ్తున్నానేమో. ఇక్కడ పుట్టిన బిడ్డకు బయట చర్మం రంగు గురించి, పేరు గురించి ప్రశ్నలు తప్పవు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని చోటు అంటూ తనకు ఒకటి ఉండాలి. అది డ్రమ్స్ వెనక దొరికితే, అక్కడికి నేను వెళ్లకపోవడమే మంచిదా?

వెళ్లక తప్పని సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడ చాలా క్లబ్బుల్లోకి వెళ్లాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. కొన్నిచోట్ల తల్లో తండ్రో తోడుంటేనే రానిస్తారు. అందుకని తనతో వెళ్తాను, వెనక గోడ దగ్గర నిలబడతాను. పాట నచ్చితే నా కాలు కదులుతుంది. తను చూస్తే ఆపాలా అని ఆలోచిస్తాను. ఆపను.

వచ్చే వేసవిలో తెనాలి వెళ్తున్నాం. మా అమ్మ మనవరాలిని ఒక కీర్తన పాడమంటుంది, అది ఖాయం. పాడమని నువ్వు కూడా ఒత్తిడి చేస్తావా అని మా అమ్మాయి ముందే అడిగింది. చెయ్యనని మాట ఇవ్వలేదు. నాకు వినాలని ఉందని చెప్పాను. తను ఆలోచించుకుంటానంది.